వానను కొలిచిన గుమాస్తా

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా కొత్తపట్నంలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనందరికీ నకారా కేసు గుర్తుకొస్తుంది. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు, పింఛను అనేది ప్రభువులు దయతలచి ఇచ్చే దానం కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. ఆ విషయం మీద మాట్లాడటానికి నాకంటే సమర్థులు ఈ సభలో చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీరు వాన సంగతి చెప్పండి" అన్నారు. నేను వాతావరణ శాఖలో పనిచేసినవాణ్ణి కాను. రెవిన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా దిగినవాణ్ణి. ఐతే చేరిన మొదటి ఏడాదే తాలూకా ఆఫీసు ఆవరణలోని వర్షమాపకం నా నెత్తిన పడింది. అప్పటినుంచి ఆ పిచ్చి వదల్లేదు.

మన పెద్దలకు వానను కొలవడం కొత్తేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ధాన్యాగారం ముందు మూరెడు మూతి వెడల్పున్న పాత్ర పెట్టి వాన కొలవమని ఉంది. ఏ ప్రాంతంలో ఎన్ని ద్రోణాల వాన పడాలో కూడా ఉంది, ఎందుకంటే శిస్తు దాన్నిబట్టే. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఈ ఏడు ఇన్ని కుంచాల వర్షం, అందులో సముద్రంలో ఇన్ని భాగాలు, భూమిమీద ఇన్ని భాగాలు అని ఇప్పటికీ వింటున్నాం. మన కొత్తపట్నం సముద్రంలోకి వస్తుందో భూమిలోకి వస్తుందో నాకు ఎప్పుడూ అనుమానమే.

వర్షమాపకం అంత సులువైన పనిముట్టు మరొకటి లేదు. పైన గరాటు, లోపల సీసా, పక్కన గీతలు గీసిన కొలగ్లాసు. చెట్టుకూ గోడకూ దూరంగా పెట్టాలి, గరాటు మూతి నేలకు సమంగా ఉండాలి. ప్రతిరోజూ ఉదయం 8.30కి కొలవాలి. ఆ వేళకు చూసింది అంతకు ముందు 24 గంటల్లో పడిన వాన. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. ఎకరానికి లెక్క కడితే నాలుగు వేల లీటర్ల పైచిలుకు. పది మిల్లీమీటర్లు పడితే రైతు "పదునైంది" అని కూడా అనడు, కానీ ఎకరం చేనులో నలభై వేల లీటర్లు దిగినట్టే. మన పాతవాళ్ళు అంగుళాల్లో చెప్పేవారు, అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు.

24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే దాన్ని భారీ వర్షం అంటారు. అంతకు లోపు, 15.6 దాకా, ఓ మోస్తరు వర్షం. ఈ అంకెలు గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఇక గాలి బరువు. మనలో సగం మందికి ఇంట్లో బి.పి. మిషను ఉంది. డాక్టరు నూట ఇరవై అంటే అది పాదరసం మిల్లీమీటర్ల లెక్క. ఇటలీలో టారిసెల్లి అనే ఆయన 1640ల్లో గాజుగొట్టంలో పాదరసం పోసి, తొట్టెలో బోర్లించి చూస్తే అది దాదాపు 760 మిల్లీమీటర్ల ఎత్తున నిలబడింది. దాన్ని నిలబెట్టింది బయటి గాలి బరువే. అదే బారోమీటరు. ఇప్పుడు ఆ ఒత్తిడిని మిల్లీబార్లలో చెబుతున్నారు, సముద్రమట్టంలో మామూలుగా వెయ్యి పైన పది, పదమూడు ఉంటుంది.

ఒక తమాషా ఉంది. మన ప్రాంతంలో బారోమీటరు ప్రతిరోజూ రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది, సముద్రపు పోటుపాట్ల మాదిరి. ఉదయం పది, రాత్రి పది గంటల ప్రాంతంలో ఎక్కువ. తెల్లవారుజాము నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. తేడా మూడు నాలుగు మిల్లీబార్లుంటుంది. ఈ సంగతి తెలియక సాయంత్రం సూది దిగిందని వాయుగుండం అనుకుంటే అభాసుపాలవుతాం. నిన్న ఇదే వేళకు ఎంత, ఇవాళ ఎంత అని చూడాలి. ఆ లెక్కలో మూడు నాలుగు తగ్గి, ఇంకా తగ్గుతూ పోతుంటే అప్పుడు వలలూ పడవలూ పైకి లాగాల్సిందే.

బారోమీటరు లేనివాళ్ళకు గాలి దిక్కు ఉంది. హాలండులో బైస్ బాలట్ అనే శాస్త్రవేత్త 1857లో చెప్పిన సూత్రం ఇది: మన అర్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మన ఎడమచేతి వైపు ఉంటుంది. తుఫాను గాలి కేంద్రం చుట్టూ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది గనుక ఇలా జరుగుతుంది. దీన్ని కొత్తపట్నం ఒడ్డున నిలబడి అన్వయించుకుందాం, ఇది మనకు ప్రాణంతో పని.

తూర్పునుంచి తుఫాను వస్తున్నదనుకోండి. మొదట గాలి ఉత్తరం నుంచో ఈశాన్యం నుంచో మొదలవుతుంది. తర్వాత అది ఉత్తరం, వాయవ్యం, పడమరగా తిరిగితే తుఫాను మనకు ఉత్తరాన, చీరాల, బాపట్ల వైపు దాటుతున్నట్టు. అప్పుడు మన దగ్గర గాలి నేలమీంచి సముద్రంలోకి తోస్తుంది, ఉప్పెన ముప్పు తక్కువ. అదే గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, తూర్పునుంచి ఆగ్నేయానికి తిరిగితే తుఫాను మనకు దక్షిణాన దాటుతున్నట్టు. అది సముద్రాన్ని మన మీదికి తోస్తుంది. 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన తుఫాను రెండో రకం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటిన మిచాంగ్ మొదటి రకం. ఐతే గాలి ఒక్కసారిగా ఆగిపోతే మాత్రం సంబరపడకూడదు. కేంద్రం నడినెత్తిన ఉన్నదని అర్థం. కాసేపటికి ఎదురు దిక్కునుంచి అంతకు అంతా కొడుతుంది. మన పట్టపు పెద్దలకు ఈ మాటలు ఎవరూ నేర్పక్కర్లేదు. చదువుకున్న పిల్లలకోసం చెబుతున్నాను.

1977 నవంబరు 19న ఇదే జరిగింది. తుఫాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో ఒడ్డెక్కింది. దానికి కుడివైపున దివిసీమ ఉంది, అటు ఉప్పెన వెళ్ళింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేలమంది పోయారు. మనం ఎడమవైపున ఉన్నాం. అంతే తేడా. పట్టుమని వంద కిలోమీటర్ల దారి మార్పు ఎవరుండాలో ఎవరు పోవాలో తేల్చింది. ఆ రోజుల్లో విశాఖలోనూ మద్రాసులోనూ తుఫాను రాడార్లు ఉండేవి, మధ్యన మచిలీపట్నంలో లేదు. అక్కడ రాడారు ఆ విపత్తు తర్వాతే వచ్చింది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర అటువంటి పెద్ద తుఫానే వచ్చింది. అప్పటికి ఇన్సాట్-1బి ఉపగ్రహం పైనుంచి ఫోటోలు పంపుతున్నది, తీరంలోని ఆఫీసుల్లో డిష్‌లు పెట్టి హెచ్చరిక నేరుగా ఉపగ్రహం ద్వారానే తెలుగులో వినిపించే ఏర్పాటు ఉంది. లక్షల మందిని ముందే తరలించారు. పోయినవారు వెయ్యికి లోపు. ఒక్క ప్రాణమైనా ఎక్కువే, కాదనను. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్నవి పనిముట్లూ, వాటిని నమ్మి ఊళ్ళు ఖాళీ చేయించిన గ్రామోద్యోగులూ. ఆ రాత్రుళ్ళు జీపుల్లో తిరిగినవాళ్ళు ఈ సభలో కూడా ఉన్నారు.

నేల మీద కొలతలు ఒక ఎత్తు, పైన గాలిని కొలవడం ఒక ఎత్తు. సర్వీసులో ఉండగా ఒకసారి పనిమీద మచిలీపట్నం వెళ్ళి, అక్కడి అబ్జర్వేటరీలో బెలూను వదలడం చూశాను. మనిషి ఎత్తుకు మించిన తెల్లని రబ్బరు బుడగ, కింద దారానికి చిన్న డబ్బా. ఆ డబ్బాను రేడియోసాండ్ అంటారు. ఉష్ణోగ్రత, గాలిలో తేమ, ఒత్తిడి కొలిచి రేడియో ద్వారా కిందికి చెబుతుంది. బుడగ గాలికి ఎటు కొట్టుకుపోతున్నదో చూస్తే ఏ ఎత్తున ఏ గాలి వీస్తున్నదో తెలుస్తుంది. పూర్వం ఆ డబ్బా లేకుండా ఉత్త బుడగ వదిలి, థియోడొలైటులో కన్ను పెట్టి చూస్తూ కోణాలు రాసుకునేవారు. సర్వే శాఖవారికి తెలిసిన పనిముట్టే. రాత్రిపూట ఐతే బుడగకు కాగితపు లాంతరు కట్టేవారు. ఇప్పుడు డబ్బాలో జి.పి.ఎస్. పెడుతున్నారు.

బుడగ నిమిషానికి మూడు వందల మీటర్ల చొప్పున ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ బయటి గాలి పలచబడి బుడగ ఉబ్బుతుంది. ముప్పై కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి అడ్డకొలత నాలుగింతలై పగిలిపోతుంది. మన నెత్తిన పదహారు పదిహేడు కిలోమీటర్ల ఎత్తున చలి ఎంతో తెలుసా? సున్నాకు ఎనభై డిగ్రీలు కింద. రోహిణీకార్తెలో ఒంగోలు బస్టాండులో నిలబడ్డప్పుడు ఆ సంగతి తలుచుకుంటే కాస్త హాయిగా ఉంటుంది. ప్రపంచమంతటా ఈ బుడగల్ని ఒకే వేళకు వదులుతారు, మన గడియారం ప్రకారం తెల్లవారుజాము 5.30, సాయంత్రం 5.30 లెక్కకు. దేశాలు కొట్టుకుంటున్నా ఈ లెక్కలు మాత్రం ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాయి.

పగిలాక డబ్బా ఎక్కడో పడుతుంది. ఒకసారి మిరప కోతకు వెళ్ళిన కూలీలు చేలో దొరికిందని ఒక డబ్బాను చీరకొంగులో చుట్టి మా ఆఫీసుకు తెచ్చారు. బాంబు అని మా అటెండరు బల్ల కిందికి దూరాడు. దానిమీద "ప్రమాదం లేదు" అని రాసే ఉంది. అది చదివేదాకా నేనూ కొంచెం దూరంగానే ఉన్నాననుకోండి.

ఈ బెలూను లెక్కల నుంచే ఒక పెద్ద సంగతి బయటపడింది. వర్షాకాలంలో దక్షిణ భారతం మీద, పద్నాలుగు పదహారు కిలోమీటర్ల ఎత్తున, తూర్పునుంచి పడమరకు గాలి నదిలా పరుగెడుతుంది. నేలమీద మనకు పడమటి గాలి, పైన దానికి పూర్తిగా ఎదురు. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950ల్లో గుర్తించి ప్రపంచానికి చెప్పినవారు పంచేటి కోటేశ్వరం గారు. తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. అంతకు వందేళ్ళ ముందే విశాఖలో గోడే వెంకట జగ్గారావు గారు సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు అక్కడ వాతావరణం కూడా కొలిచి రాసేవారు. భారత వాతావరణ శాఖ పుట్టిందే 1875లో. జమీందార్ల గురించి మన మీటింగుల్లో మంచి మాట అరుదు గనుక ఇది ప్రత్యేకించి చెబుతున్నాను.

రాడారు గురించి కొంచెం. రేడియో తరంగాన్ని పంపితే వానచుక్కకు తగిలి తిరిగొస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే దూరం, ఎంత బలంగా వచ్చిందో చూస్తే వాన జోరు తెలుస్తాయి. డాప్లర్ రాడారు ఇంకొక మెట్టు పైకి. దగ్గరికొచ్చే రైలు కూత సన్నగా, దూరమయ్యే రైలు కూత బొంగురుగా వినపడటం లేదూ, అలాగే తిరిగొచ్చిన తరంగంలో మార్పును బట్టి చుక్కలు మనవైపు వస్తున్నాయా పోతున్నాయా, ఎంత వేగంతో అన్నది చెబుతుంది. చెన్నైలో 2002లో వచ్చింది, తర్వాత మచిలీపట్నంలో, విశాఖలో వచ్చాయి. తిరుపతి దగ్గర గాదంకిలో వేరే రకం రాడారు ఉంది. 1990ల మొదట్లో కట్టారు. 1024 యాంటెన్నాలు, మన ఇళ్ళమీద పాత టి.వి. యాంటెన్నాల్లాంటివి, ఒక పొలమంతా వరుసగా పాతినట్టుంటాయి. దానికి మబ్బు కూడా అక్కర్లేదు. ఉత్త గాలిలోని సుడుల నుంచే ప్రతిధ్వని తీసి, ఇరవై కిలోమీటర్ల దాకా గాలుల సంగతి చెబుతుంది.

ఉపగ్రహాల సంగతి టి.వి.లో రోజూ చూస్తున్నదే. ఇన్సాట్-3డి, 2024 ఫిబ్రవరిలో వెళ్ళిన ఇన్సాట్-3డిఎస్. ఇవి మబ్బుల ఫోటోలే కాదు, పైనుంచే గాలి పొరల్లో వేడినీ తేమనూ అంచనా కడతాయి.

ఇన్ని ఉండగా ఇంకా ఆ గరాటూ సీసా ఎందుకంటారు మా మనవడు. వాడికి చెప్పిన లెక్కే మీకూ చెబుతాను. మచిలీపట్నం రాడారు మనకు సుమారు 130 కిలోమీటర్ల దూరం. తరంగం తిన్నగా పోతుంది, భూమి గుండ్రంగా కిందికి వంగుతుంది. దాని అన్నిటికంటే కింది చూపు కూడా మన ఊరి దగ్గరికి వచ్చేసరికి రెండు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. పైన చూసిన వాన కింద ఎంత పడిందో అది ఊహించి చెప్పాల్సిందే. అల్లూరులో దంచి కొట్టి, కొత్తపట్నంలో ఎండ కాయడం మనం చూస్తున్నదే. చివరికి నేలమీద ఎంత పడిందో చెప్పేది గరాటే. ఇప్పుడు ఆటోమేటిక్ కేంద్రాలు వచ్చాయి, అందులో చిన్న తక్కెడ గిన్నెలు నిండి ఒరిగినప్పుడల్లా లెక్క పడుతుంది. మంచిదే. కానీ గరాటులో పిచ్చుక గూడు పెట్టినా, ఆకు అడ్డం పడినా అది వాన లేదనే చెబుతుంది. వాతావరణ ఆధారిత పంటల బీమా అని ఒకటి వచ్చాక ఇది మరీ ముఖ్యం. అందులో చేలోకి వచ్చి పంట చూసి కాదు, ఆ కేంద్రం అంకె చూసి పరిహారం లెక్క కడతారు. మీ ఊరి అంకె ఎక్కడి గరాటులోంచి వస్తున్నదో, ఆ గరాటు శుభ్రంగా ఉందో లేదో కనుక్కోండి. అడిగే హక్కు మనకుంది.

ఇప్పుడు ఒక మాట చెప్పి దిగిపోతాను. ఇది ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పాను.

1970ల్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఏ తాలూకా అన్నది వదిలేయండి. వర్షమాపకం నా చేతిలో ఉంది. ఒక శనివారం సాయంత్రం బంధువుల పెళ్ళికని ఊరెళ్ళాను, ఎవరికీ అప్పగించలేదు. ఆ రాత్రి వాన కొట్టింది. సోమవారం పొద్దున వచ్చి చూస్తే సీసాలో 92 మిల్లీమీటర్లు. ఆదివారం ఉదయం చూడాల్సింది చూడలేదు. అటువంటప్పుడు "చూడలేదు" అని రాసి, సోమవారానికి రెండు రోజులదీ కలిపి ఇంత అని రాయాలి. రాస్తే ఎక్కడికి పోయావని అడుగుతారు. కొత్త ఉద్యోగం, ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. ఆదివారం 46, సోమవారం 46 అని రాసి సంతకం పెట్టాను. మొత్తం సరిపోయింది గదా, ఎవరికి నష్టం అనుకున్నాను.

ఆ శనివారం రాత్రే ఒక ఊరి చెరువుకు గండి పడింది. కింది చేలు కొట్టుకుపోయాయి. విచారణ వచ్చింది. నీరుగంటి, రాత్రికి రాత్రి అంత నీరొచ్చింది, తూము ఎత్తినా లాభం లేకపోయింది అన్నాడు. రిజిస్టరు తెప్పించారు. 46. భారీ వర్షమే కాదు. తూము వేళకు ఎత్తలేదని తేల్చారు, అతని పని తీసేశారు. ఆ కాగితాలకు ఫెయిర్ కాపీ రాసింది నేనే. నా అక్షరాలు బాగుంటాయని నాకిచ్చారు.

అప్పుడు నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో ఎన్నోసార్లు అనుకున్నాను. మహా ఐతే నాకొక మెమో వచ్చేది. 92 అని ఉంటే అతని మాటకు బలం వచ్చేది. చాలా ఏళ్ళకు, రిటైరయ్యాక, ఆ ఊరు వెళ్ళాను. ఆయన అప్పటికే లేడు. కొడుకు ఉన్నాడు, పత్తి చేలో మందు కొడుతున్నాడు. గట్టున కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. విని, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా నాయన చచ్చేదాకా అదే చెప్పేవోడండి, రాత్రికి రాత్రి వచ్చిందని. మేమే నమ్మలేదు" అన్నాడు. మంచినీళ్ళిచ్చాడు. తాగి వచ్చాను.

ఇప్పుడు మా డాబామీద ఒక ప్లాస్టిక్ వర్షమాపకం పెట్టుకున్నాను. పొద్దున 8.30కి చూసి నోటు పుస్తకంలో రాస్తాను. అందులో "చూడలేదు" అని రాసిన రోజులు చాలానే ఉన్నాయి. ఒంట్లో బాగాలేనివి, ఒంగోలు ఆస్పత్రికి వెళ్ళినవి, మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు కోసం ట్రెజరీలో కూర్చున్న రోజు. వచ్చే నెల మోకాలి ఆపరేషనుకు పదిరోజులు ఊళ్ళో ఉండను. మెట్లు బయటినుంచే ఉన్నాయి, గేటుకు తాళం వెయ్యను. హైస్కూలు పిల్లలెవరైనా వచ్చి చూసి రాస్తామంటే పుస్తకం గూట్లోనే ఉంటుంది. కొలగ్లాసు కడిగి బోర్లించి పెట్టండి.